వెల్లువలో తాబేలు

...అయినా ఆ కామా అక్కడెందుకు? గురువారం అన్న మాట తర్వాత కామా పెట్టాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. 'గురువారం, ఉదయం నా స్వరపేటిక తీసేస్తారట.' మాట గొంతులో అడ్డంపడే మనిషికే రాతలో కూడా అక్కడ ఆగే అలవాటుంటుంది. కాబట్టి ఈ వ్యాఖ్య రాసింది తాబేలే. కానీ ఆ కామాలు కూడా యంత్రం నీడలు నేర్చేసుకున్నాయి కదా! నేర్పిందెవరు? నేనే. కాబట్టి ఇది తాబేలు కాకపోవచ్చు. కానీ...

"ఇడ్లీ చల్లారిపోతోంది," అంది భ్రమరాంబ.

పుండరీకం తలెత్తాడు. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. కంప్యూటరు ముందు కూర్చుని రెండు గంటలయింది. పళ్ళెంలో చట్నీ అంచున నీళ్ళు తేరాయి.

"ఏమయింది?" అని అడిగింది ఆమె.

అతను తెర మీద తన బ్లాగువైపు చెయ్యి చూపించాడు. భార్య దగ్గర అతనికి నత్తి తక్కువే, అయినా చెయ్యి చూపిస్తే సరిపోయే చోట మాట ఖర్చుపెట్టడు. ఆమె కళ్ళజోడు సవరించుకుని వంగి చదివింది.

'ముందుగా ఒక గ్లాసు మంచినీళ్ళు తాగొచ్చాను. టపా బాగుంది, ఎప్పటిలాగే మూడుసార్లు చదివాను. ఒక చిన్న సంగతి. గురువారం, ఉదయం నా స్వరపేటిక తీసేస్తారట. యాభై ఏళ్ళు నన్ను ఏడిపించిన గొంతు, పోతుంటే దిగులేస్తోంది. బుధవారం, సాయంత్రం ఆరింటిదాకా ఇంట్లోనే ఉంటాను. మన ఒప్పందం గుర్తుంది. ఊరికే చెబుతున్నాను. తాబేలు.'

"అయ్యయ్యో," అంది భ్రమరాంబ.

"కింద చూడు," అన్నాడు పుండరీకం.

ఆమె చూసింది. 'మబ్బు' అనే పేరుతో ఒకరు: ముందుగా ఒక గ్లాసు మంచినీళ్ళు తాగొచ్చాను, నాకూ గురువారం, ఉదయమే ఆపరేషను. 'కిటికీ' అనే పేరుతో మరొకరు: నా గొంతు కూడా తీసేస్తున్నారు. 'చింతచిగురు', 'ఒంటరి కాకి', మళ్ళీ 'తాబేలు', ఇంకో 'తాబేలు'. నలభై ఒక్కమంది. ఆమె చదువుతూ ఉండగానే నలభై మూడయ్యారు.

ఆమె కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. అద్దాలకేమీ మరక లేదు.

*

పుండరీకానికి యాభై రెండేళ్ళు. కాకినాడ మునిసిపల్ ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. మాట్లాడే పని తక్కువని ఏరి కోరి చేరిన ఉద్యోగం అది. 'ప' దగ్గర అతని పెదాలు అతుక్కుపోతాయి. తన పేరే తన నోట రాదు. బళ్ళో హాజరు పిలిచే రోజుల నుంచీ ఆ అక్షరాన్ని తప్పించుకోవడానికి మనసు ఎన్ని పక్కదారులు తొక్కగలదో అన్నీ తొక్కాడు. కొత్తవాళ్ళకు 'రావు' అని చెప్పుకుంటాడు. పెరుగు కోసం వెళ్ళి మజ్జిగ కొనుక్కొచ్చిన రోజులున్నాయి. జీవితమంతా అడగాలనుకున్నది ఒకటి, అడగగలిగింది ఒకటి. తేడా ఎవరికీ తెలియదు కాబట్టి జనం అతన్ని దేనికైనా సర్దుకుపోయే మనిషి అనుకున్నారు.

పదకొండేళ్ళ కిందట 'ఆగిన మాట' అని ఒక బ్లాగు మొదలుపెట్టాడు. నత్తి గురించి, భయం గురించి, మాటకీ మనసుకీ మధ్య ఉండే ఆ రెండు క్షణాల గురించి వారానికొక టపా. అక్కడ అతను ఎక్కడా ఆగలేదు. చదివేవాళ్ళు తొమ్మిదిమంది. పేజీ అడుగున లెక్కపెట్టే డబ్బా ఉండేది. ఏడేళ్ళపాటు అది ఎనిమిదికి తగ్గలేదు, పదికి పెరగలేదు.

ఆ తొమ్మిదిలో తాబేలు ఒకటి. అందరికంటే ఆలస్యంగా, నాలుగో రోజో అయిదో రోజో వచ్చేది. మంచినీళ్ళు తాగానని మొదలుపెట్టి, టపాలో పుండరీకం తనకే తెలియకుండా దాచుకున్న వాక్యాన్ని పట్టుకుని, దాని గురించి మాత్రమే రాసేది. మగో ఆడో తెలియదు, ఏ ఊరో తెలియదు. తనకూ నత్తేనని మాత్రం చెప్పింది. ఆరేళ్ళ కిందట ఒక మెయిలు పంపింది.

'ఇది మా ఇంటి ఫోను నెంబరు. గోడకు తగిలించిన పాత ఫోను. మీరు చెయ్యొద్దు, నేనూ చెయ్యను. ఫోనంటే మనలాంటివాళ్ళకు ఉరితాడు. కానీ నెంబరైనా ఇవ్వకుండా స్నేహమని చెప్పుకోవడం బాగోదు కదా, అందుకని ఇస్తున్నాను.'

పుండరీకం తన నెంబరు పంపాడు. అదే ఒప్పందం. ఆరేళ్ళలో ఇద్దరూ మాట తప్పలేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉండటం కోసం ఇద్దరు మనుషులు నెంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం ఎవరికి చెప్పినా నవ్వుతారు. పుండరీకానికి మాత్రం అంతకంటే దగ్గరితనం ఎక్కడా దొరకలేదు.

ఏడాదిన్నర కిందట వచ్చింది వెల్లువ.

దాన్ని తెచ్చింది జోగారావు. మూతపడిన సినిమా హాళ్ళ గురించి బ్లాగు రాస్తాడు, పుండరీకానికి ఊళ్ళో ఉన్న ఒక్క స్నేహితుడు. "తొమ్మిదిమందేంటి గురూ! మా వీధి కుళాయి దగ్గర అంతకంటే ఎక్కువమంది నిలబడతారు," అన్నాడు. "ఇది ఊరికే హిట్ల లెక్క పెంచే యంత్రం కాదు. మనిషిలా చదివే నీడల్ని పుట్టిస్తుంది. ఛాయలంటారు. అవి ఆగి చదువుతాయి, వెనక్కెళ్ళి చదువుతాయి, బాగోకపోతే పోతాయి. వెతుకుడు యంత్రాలు వాటిని మనుషులే అనుకుని మన బ్లాగుని పైకెత్తుతాయి. ముందు నీడలొస్తాయి, వాటి వెనక మనుషులొస్తారు."

ఒప్పుకున్న రోజు వెల్లువ అతన్ని ఒక్కటే కోరింది: 'మీ రాతను బాగా అర్థం చేసుకున్న ఒక పాఠకుణ్ణి మాకు చూపించండి. ఆ వ్యాఖ్యలే విత్తనం.'

పుండరీకం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తాబేలు రాసిన నాలుగువందల నలభై రెండు వ్యాఖ్యలూ ఇచ్చేశాడు. ఇస్తున్నప్పుడు మనసులో కలిగింది గౌరవం. ఒక మంచి మనిషిని నలుగురికీ పరిచయం చేస్తున్నట్టు అనిపించింది. తాబేలుని అడగాలన్న ఆలోచన రాలేదు. దాని గురించి ఇప్పుడు ఎంత తవ్వినా, ఆ రోజు తన మనసులో ఆ ఆలోచన ఉండాల్సిన చోట నున్నటి గోడ తప్ప ఏమీ కనిపించడం లేదు.

పది రోజుల్లో పద్నాలుగు వేలమంది. ఒక్కొక్కరూ అతని నత్తిని తమ నత్తిలా తలుచుకుని రాశారు. మొదటి వారం వంటగది గుమ్మంలో నిలబడి భ్రమరాంబకి చదివి వినిపిస్తూ ఏడ్చేశాడు. మూడో వారంలో గమనించాడు: అందరూ ముందుగా ఒక గ్లాసు మంచినీళ్ళు తాగొస్తున్నారు.

*

ఆ ఆదివారం సాయంత్రం గాంధీనగరం పార్కులో బ్లాగర్ల సమావేశం. ఒకప్పుడు పాతికమంది వచ్చేవారు. ఇప్పుడు నలుగురు. మరమరాల పొట్లాలు చేతుల్లో పట్టుకుని సిమెంటు బల్లల మీద కూర్చున్నారు.

"నిన్న నా బ్లాగుకి లక్షా పన్నెండు వేలమంది," అన్నాడు జోగారావు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పాడు.

"నా సంగతి వినండి," అంది వంటల బ్లాగు రాసే కనకవల్లి. "గుత్తివంకాయ కూర టపాకి మూడొందలమంది 'చేసుకు తిన్నాం, అద్భుతం' అని రాశారండీ. తీరా చూసుకుంటే అందులో ఉప్పు రాయడం మర్చిపోయాను. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడగలేదు."

"ఉప్పు లేకుండా తిని మెచ్చుకునేవాళ్ళు దొరకడం మీ అదృష్టం అనుకోండమ్మా."

"మీరూ మెచ్చుకున్నారు, జోగారావుగారూ. పైనించి మూడో వ్యాఖ్య మీదే."

జోగారావు మరమరాలు నోట్లో వేసుకోబోయి ఆగాడు. ఒకరి టపాకి ఒకరు వ్యాఖ్య రాయడం తెలుగు బ్లాగర్లలో పేరంటానికి పిలిస్తే వెళ్ళడం లాంటిది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని మనసులో రాసిపెట్టుకుంటారు. తీరిక లేనివాళ్ళ కోసం వెల్లువ ఒక సదుపాయం పెట్టింది. నీ బదులు నీ ఛాయ వెళ్ళి పలకరించి వస్తుంది.

"అది నేను రాయలేదనుకుంటా," అన్నాడు జోగారావు.

"అనుకుంటారా?"

"అంటే... గుర్తులేదమ్మా. నేనే రాసుంటే ఇలాగే రాసేవాణ్ణి."

నాలుగో ఆయన, బల్ల చివర కూర్చున్న రిటైరైన పోస్టుమాస్టరు, నెమ్మదిగా అడిగాడు. "పోనీ, ఇక్కడున్న నలుగురిలో ఎవరైనా ఎవరిదైనా ఈ ఏడాదిలో ఒక్క టపా తమ కళ్ళతో చదివారా?"

చెట్టు మీద చిలకలు గోల చేస్తున్నాయి. అందరూ పొట్లాల్లోకి చూసుకున్నారు.

"నీడల వెనక మనుషులొస్తారన్నారుగా," అంది కనకవల్లి. "ఏరీ?"

"దారిలో ఉన్నారట," అన్నాడు జోగారావు.

పుండరీకం తాబేలు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. "నా బ్లాగులో ప్... ప్..." అని ఆగాడు. పాత పాఠకుడు అనబోయాడు. ముగ్గురూ ఓపిగ్గా చూశారు. ఆ ఓపిక అతనికి తెలుసు, వెనకనించి లారీ హారను కొట్టినట్టే ఉంటుంది. జోగారావు ఉండబట్టలేక "పద్నాలుగు వేలా?" అని అందించాడు. పుండరీకం ఔనన్నట్టు తల ఊపాడు. చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోయింది. అడగాలనుకున్నది పెరుగు, ఇంటికి తెచ్చుకున్నది మజ్జిగ.

*

సోమవారం ఆఫీసుకి మూడు రోజులు సెలవు పెట్టి తాబేలు పాత వ్యాఖ్యలన్నీ ముందేసుకున్నాడు. కొత్త వ్యాఖ్యతో పోల్చాడు. కామాలు లెక్కపెట్టాడు. వాక్యాల పొడవు కొలిచాడు. పటాలు గీసే చెయ్యి కాబట్టి గళ్ళ కాగితం మీద గీత గీశాడు. ఆదివారం వచ్చిన మూడొందల పన్నెండు వ్యాఖ్యలూ ఆ గీత మీదే పడ్డాయి. మెయిలు పంపాడు. జవాబు లేదు. తాబేలు మెయిలు చూసుకునేది నెలకొకసారి. ఛాయలకైతే మెయిలే లేదు. జవాబు రాకపోవడం రెండింటికీ సరిపోయింది.

నెంబరు గుర్తుకు రాలేదని కాదు. ఆదివారం ఉదయం నుంచీ అదొక్కటే గుర్తుంది. అందుకే కామాలు లెక్కపెడుతున్నాడు.

మంగళవారం విశాఖపట్నం వెళ్ళాడు. వెల్లువ ఆఫీసు ఒక మేడ మీద మూడో అంతస్తు. హైందవి అనే అమ్మాయి, పాతికేళ్ళుంటాయి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. పుండరీకం జేబులోనించి కాగితం తీశాడు. కొత్తచోటికి వెళితే ప్రశ్నలు రాసుకుని వెళ్ళడం అతని అలవాటు. ఆమె చదువుకుంది.

"ఏది అసలు మనిషిది, ఏది ఛాయది అంటున్నారు. మాకు తెలీదండీ."

పుండరీకం ఆమె మొహంలోకి చూశాడు.

"దాచడం కాదు సార్. తేడా తెలిసిపోతే అది ఛాయే కాదు. తయారుచేశాక మేమే ఒక పరీక్ష పెడతాం, అసలు వ్యాఖ్యల్నీ ఛాయ వ్యాఖ్యల్నీ కలిపేసి. మా యంత్రం విడదీయగలిగితే ఆ ఛాయని పారేస్తాం. మీవి విడదీయలేకపోయింది. అందుకే పంపించాం."

తెర అతనివైపు తిప్పి చూపించింది. నల్లటి తెర మీద చిన్న చుక్కలు, ఒక్కో చుక్క ఎక్కడో ఏదో చదువుతోంది. కొన్ని ఒకచోట చాలాసేపు ఆగుతున్నాయి. ఆ ఆగే తీరు చూసి పుండరీకం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"గొంతు ఆపరేషను సంగతి వాటికెలా..." అని మొదలుపెట్టి, ఆశ్చర్యంగా, మధ్యలో ఎక్కడా ఆగకుండా పూర్తిచేశాడు. "ఎలా తెలిసింది?"

"ఒకరు రాస్తే మిగతావి అందుకుంటాయండీ. ఆ మొదటిది మనిషి రాసిందైనా అవొచ్చు, ఛాయ రాసిందైనా అవొచ్చు. ఛాయ ఊరికే అబద్ధం అల్లదు. ఆ మనిషి ఇప్పుడు ఏం రాసే వీలుందో అదే రాస్తుంది. పాత వ్యాఖ్యల్లో గొంతు గురించి ఏమైనా ఉందా?"

ఉంది. ఆమె అడిగిన క్షణంలోనే గుర్తుకొచ్చింది. రెండేళ్ళ కిందట ఒక టపా కింద, చివరి వాక్యం: 'ఈ మధ్య, గొంతు బొంగురు పోతోంది, నత్తికి తోడు ఇదొకటి.' దానికి తను ఇచ్చిన జవాబు కూడా గుర్తుకొచ్చింది: 'మిరియాల కషాయం తాగండి!' చివర ఒక నవ్వు బొమ్మ. ఆ తర్వాత మరో రెండుసార్లు రాసింది తాబేలు, మింగుతుంటే నొప్పి అని ఒకసారి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలని ఒకసారి. అప్పటికే పద్నాలుగు వేలమంది గుమ్మంలో ఉన్నారు. అప్పుడు తను చదవలేదు, సోమవారం కామాలు లెక్కపెట్టేటప్పుడే కంటబడ్డాయి. యంత్రం చదివింది.

"ఆపేస్తారా?" అని అడిగాడు.

"మీ బ్లాగుకి రాకుండా ఆపగలను సార్. లేకుండా చెయ్యలేను. అవి ఇప్పుడు వేరేచోట్ల కూడా చదువుతున్నాయి." ఆ అమ్మాయి గొంతులోకి మెచ్చుకోలు వచ్చింది. "శ్రద్ధగా చదివేవాళ్ళు కావాలని ఎవరడిగినా మీ తాబేలునే పంపిస్తాం. మా దగ్గరున్న విత్తనాలన్నిటిలోకీ మంచిది అదేనండీ. ఆయనకి తెలుసా ఈ సంగతి? చాలా సంతోషిస్తారు."

పుండరీకం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాని మీద ఇంకా రెండు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. ఆ వ్యాఖ్య మనిషి రాసిందయితే తాబేలుకి గురువారం గొంతు పోతుంది. ఛాయ రాసిందయితే, అంత బాగా తెలిసిన నీడ ఊహించిన జబ్బు నిజం కాదని ఎవరు చెప్పాలి? ఎటు తిప్పినా దారి ఆ గోడ ఫోను దగ్గరికే పోతోంది. మూడు రోజులుగా తను వెతుకుతున్నది రుజువు కోసం కాదు. ఫోను చెయ్యక్కర్లేదని చెప్పే మనిషి కోసం. అది తెలిశాక తేలికపడాలి కదా, పడలేదు. తెలియడం వేరు, పెదాలు విడివడటం వేరు. యాభై రెండేళ్ళుగా తన గురించి తనకు తెలియనిది ఏముంది గనక!

*

బుధవారం సాయంత్రం అయిదు కావస్తుండగా భ్రమరాంబ తను పాఠాలు చెప్పే బడినించి వచ్చింది. పుండరీకం మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పక్కన ఫోను, తెర మీద నెంబరు, 'తాబేలు' అన్న పేరు.

"చేశారా?"

లేదన్నట్టు తలాడించాడు.

"అది నిజం కాకపోతే ఏం పోయింది? బాగున్నారా అని అడిగి పెట్టేయండి. నిజమైతే..." ఆమె పూర్తిచేయలేదు.

"నేనేం చేశానో తెలుసా తనకి?" అన్నాడు. "అడక్కుండా తన మాటలన్నీ తీసుకెళ్ళి... రేపు గొంతు కూడా..."

భ్రమరాంబ చేతిసంచి కింద పెట్టి పక్కన కూర్చుంది. తర్వాత అంది, "మీ తొమ్మిదిమందిలో నేనొకదాన్ని. చెప్పలేదెప్పుడూ. శనివారం మీరు ఆఫీసుకెళ్ళాక చదివేదాన్ని."

పుండరీకం ఆమెవైపు తిరిగాడు.

"వెల్లువొచ్చాక మానేశాను. అంతమంది చదువుతున్నారు కదా, ఇక నేనెందుకులే అనిపించింది."

అతను ఏదో అనాలనుకున్నాడు. మాట రాలేదు. ఇది నత్తి కాదు.

అయిదూ ఇరవై అయింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి కిక్కు కొడుతున్నారు. అది అంటుకోవడం లేదు.

"పోనీ నేను చెయ్యనా?" అంది భ్రమరాంబ. "ఇలా మా ఆయన మీ గురించి అడగమన్నారండీ అని చెబుతాను."

ఎప్పుడూ అంతే. బ్యాంకులో, డాక్టరు దగ్గర, గ్యాసు బండ చెప్పడానికి అతని మాట ఆమె గొంతులోంచే బయటికి వెళ్ళేది. అది ప్రేమే. పుండరీకం ఫోను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని తెర మీద వేలు ఆనించబోయింది. ఆ వేలు వైపు చూస్తుంటే అతనికి పార్కులో జోగారావు మొహం గుర్తుకొచ్చింది. 'నేనే రాసుంటే ఇలాగే రాసేవాణ్ణి.'

ఫోను వెనక్కి తీసుకున్నాడు.

నొక్కాడు.

రెండుసార్లు మోగింది. మూడుసార్లు. నాలుగు. ఎక్కడో తెలియని ఊళ్ళో గోడకున్న ఫోను, దాని దగ్గరికి నడిచి వచ్చేవాళ్ళు ఎవరో, వస్తారో రారో. ఏడోసారి మధ్యలో తెగింది. కాదు, ఎత్తారు.

హలో అనలేదు ఎవరూ.

పుండరీకం చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. అవతల ఊపిరి ఉంది, గరగరమంటూ. ఆ నిశ్శబ్దం అతనికి బాగా తెలుసు, లోపల మాట ఉండి పెదాల దగ్గర ఆగినప్పటిది. లేకపోతే కేవలం పాత తీగల గరగర. లేకపోతే అదీ ఎవరో నేర్చుకున్నదే. తెలుసుకునే దారి లేదు. ఇక ఎప్పటికీ ఉండదు.

నాలుక మీద 'రావుని మాట్లాడుతున్నానండీ' అన్న మాట సిద్ధంగా ఉంది, నున్నగా, యాభై ఏళ్ళు అరిగి. దాన్ని మింగేశాడు. పెదాలు బిగించాడు. అవి అతుక్కుపోయాయి. మెడలో నరం పొంగింది. భ్రమరాంబ చెయ్యి అతని వీపు మీద ఆగింది, తట్టలేదు, అందించలేదు. అవతల ఊపిరి అలాగే ఉంది. ఎవరూ ఫోను పెట్టేయలేదు.

"ప్..." అన్నాడు. "ప్... ప్... పుండరీకాన్ని."